హల్లెలూయ పాట మన ఇంట

“గోదావరి ఒడ్డున మంథనిలో డోలక్, తాళాలతో కీర్తనలు పాడుకొనే మనకు బాక్, హాండెల్ ఎందుకు?” అని అడిగేవారున్నారు. మంచి ప్రశ్నే. ఇద్దరూ 1685లో జర్మనీలో పుట్టారు. వారి కాలపు సంగీతము బరోక్. తరువాతి హైడన్, మొజార్టులది క్లాసికల్.

హాండెల్‌కు 1737లో కుడిచేతికి పక్షవాతం వచ్చింది. అయినా 1741లో 24 దినములలో ‘మెస్సీయ’ వ్రాశారు. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో దానిని మొదటిసారి పాడగా వచ్చిన సొమ్ము, అప్పు తీర్చలేక చెరలో ఉన్నవారి విడుదలకు, రెండు ఆసుపత్రులకు వెళ్లింది. అప్పు భారమెట్టిదో మన రైతు కుటుంబాలకు చెప్పనక్కరలేదు.

అందులోని ‘హల్లెలూయ’తో మొదలుపెట్టండి. మాటలు ప్రకటన గ్రంథము 11, 19 అధ్యాయములలోనివే. బైబిలు తెరచి ఉంచుకొనండి. మొదటిసారి ఊరకే వినండి. రెండవసారి స్త్రీల హెచ్చు గొంతును, మూడవసారి పురుషుల మంద్రపు గొంతును వెంబడించండి. ఒకరు ఎత్తుకొన్న మాటను మరొకరు అందుకొనడం తెలుస్తుంది. మన భజనలోనూ ముందు పాడేవారిని గుంపు అందుకొంటుంది కదా!

పురుషోత్తమ చౌదరిగారు కర్ణాటక రాగాలలో కట్టిన కీర్తనలు మన సొత్తు; వాటిని విడువనక్కరలేదు. బాక్ తన ఆరాధన సంగీతపు ప్రతుల చివర ‘దేవునికే మహిమ’ అని లత్తీను అక్షరాలతో గుర్తు పెట్టేవారు. ఏ రాగమైనా మనమూ అక్కడికే చేరుదాము.