సముద్రముపై సెలవులు

ఎమ్మిగనూరునుండి యొక సోదరి గత మాసమున మాకు ఉత్తరము వ్రాసినారు. అమెరికాలో నున్న ఆమె చెల్లెలి కుమారుడు భార్యాబిడ్డలతో కరీబియను దీవులకు విహారమునకు బోయి, అచ్చటి నీలి నీటిని, తెల్లని యిసుకను, తెరచాప పడవలను ఫొటోలు తీసి పంపెనట. ఇంటిల్లిపాదియు ఆ బొమ్మలను జూచి మురిసిన పిదప పదేండ్ల మనుమరాలు "అవ్వా, మనమెప్పుడు పోయేది?" అని యడిగెనట. "మాది మగ్గముల యిల్లు. అంత దూరము మావలన గాదు. అట్లని సముద్రమును జూడకయే జన్మము వెళ్ళబుచ్చవలెనా? మావంటివారు పడవ యెక్కి, యిసుకమీద నాలుగు దినము లుండి వచ్చు నుపాయ మేదైన గలదా? ఎప్పుడు పోవలెను? ఎంతమాత్రము భయపడవలెను?" అని యామె ప్రశ్నలు. కడపటి ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. సాధారణముగా ఎవరును దానిని అడుగరు. కొందరు భయపడి కదలరు, కొందరు భయమే యెరుగక నీటిలో దిగుదురు.

ఆ దీవుల మాట వచ్చినది గావున ఒక్క సంగతి చెప్పి ముందుకు సాగెదము. మనవారు అచ్చటికి బోవుట క్రొత్త గాదు. 1853 లో మార్టినీకునకును, 1854 లో గ్వాడెలూపునకును ఫ్రెంచివారి యోడలు మన దేశపు కూలీలను చెరకు తోటల పనికి గొనిపోవ నారంభించినవి. పుదుచ్చేరి, కారైకాలు రేవులలో ఓడ యెక్కిన ఆ జనములో తమిళులతోపాటు తెలుగువారును గలరు. ఓడ ప్రయాణము నెలల తరబడి. అనేకులు తిరిగి రాలేదు. నేడు ఆ నీటిమీదనే మన పిల్లలు సెలవులు గడపుచున్నారు. బిడ్డల పిలుపుపై అచ్చటికి బోవు తల్లులెవరైన మా పాఠకురాండ్రలో నున్నచో, జూన్ 1 మొదలు నవంబరు 30 వరకు అచ్చట తుపానుల కాలమని యెరిగి, డిసెంబరు మొదలు ఏప్రిలు వరకు గల దినములను కోరుకొనుడు. అమెరికానుండి ఓడ యెక్కి దీవులు జూచి మరల అమెరికాలో దిగుటకు మీ వీసా చెల్లునో చెల్లదో బయలుదేరక మునుపే విచారించుకొనుడు.

ఇక మన సంగతి. ఆదోని సోదరీమణులకు గాని ఎమ్మిగనూరు సోదరీమణులకు గాని సముద్రము ఒక్క రాత్రి ప్రయాణములోనే గలదు. ఎమ్మిగనూరునకు రైలు లేదు. బస్సులో ఆదోని చేరి, రాయచూరు గుంతకల్లు మార్గమున బోవు రైలెక్కి, గుంతకల్లులో దిగవలెను. అచ్చటినుండి బళ్ళారి, హోసపేట, హుబ్బళ్ళి, లోండా మీదుగా గోవాకు రైళ్ళున్నవి. అవి నడచు దినములు మారుచుండును గావున ముందుగా అడిగి తెలిసికొనవలెను. 2024 నవంబరునుండి రైలు టిక్కెట్టును అరువది దినములకు ముందు తీసికొనుట సాధ్యము గాదు. కావున ప్రయాణమునకు సరిగా రెండు నెలలు మునుపే కూర్చుండి టిక్కెట్లు తీసికొనుడు. తెల్లవారునప్పటికి బండి కాసిల్ రాకు దాటి కనుమ దిగుచున్నచో నిద్రపోవుచున్న పిల్లలను లేపుడు. ఎండిన గట్టులకు అలవాటుపడిన కండ్లకు ఆ యడవియు, దూద్‌సాగరు జలపాతమును జూచుటయే యొక పండుగ.

ఎప్పుడు పోవలెనను ప్రశ్నకు మన యిండ్లలో వాడుక సమాధానము వేసవి సెలవులని. మేము దానిని అంగీకరింపము. బడి సెలవులను బట్టి గాక సముద్రమును బట్టి దినములు నిర్ణయించుకొనవలెను. ఏప్రిలు, మే మాసములలో తీరమున ఉక్క భరింపరాదు. జూన్ మొదటి వారమున నైరుతి వర్షములు గోవాను తాకును. ఏటికి అచ్చట కురియు వాన మూడువేల మిల్లీమీటర్ల వరకుండును. మన ఆదోని పొలముల మీద అందులో నాలుగవ వంతైనను పడదు. ఆ వర్షకాలమున సముద్రము కోపముతో నుండును. పడమటి తీరమున జూన్, జూలై మాసములలో జాలరుల మరపడవలనే ప్రభుత్వము ఆపివేయును. వారికే పనికిరాని సముద్రము మనకేల? దసరానాటికి నీరు సర్దుకొనుచుండును గాని పూర్తిగా శాంతింపదు. పైగా ఆదోనిలో పత్తి బండ్లు దిగు దినములవి. వ్యాపారము గల యిండ్లలో మగవారు కదలరు. డిసెంబరు కడపటి వారమున లోకమంతయు గోవాలోనే యుండును. బసల యద్దెలు మిన్నుముట్టును.

కావున మా మాట సంక్రాంతి. పండుగను విడిచి బోవలసిన పనిలేదు. భోగి, సంక్రాంతి ఇంట జరుపుకొని, కనుమనాడు కాకియైనను కదలదందురు గావున ఆ దినము నిలిచి, మరునాడు బయలుదేరుడు. అప్పటికి సెలవులు మూడు నాలుగు దినములే మిగులును. పిల్లలు రెండు దినములు బడి మానిన కొంప మునుగదు. మగ్గము సంగతి వేరు. నేసినంతకే కూలి గల యింట నాలుగు దినములనగా నాలుగు దినముల కూలి. ప్రయాణపు ఖర్చులో దానిని గూడ మొదటనే చేర్చి లెక్క వ్రాసికొనుడు. లెక్కలో జేర్చనిదే తిరిగివచ్చిన పిదప ఇంట మాటలకు కారణమగును. బస మాత్రము తీరముననే కావలెనని పట్టుపట్టకుడు. మడగాం పట్టణములో దిగినచో కోల్వా తీరము ఆరేడు కిలోమీటర్లే, బస్సులున్నవి. చిన్నబిడ్డలు గలవారు దక్షిణమున నలువది కిలోమీటర్ల దూరమున నున్న పాలోలెం తీరమునకు బోవుట మేలు. అది నెలవంకవలె వంగియున్న చోటు, అలలు తక్కువ.

తూర్పు సముద్రము మనదే గదా, బాపట్ల దగ్గర సూర్యలంక లేదా యని కొంద రడుగవచ్చును. ఉన్నది, మంచిదే. కాని అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఆ వైపున తుపానుల భయము. ఆ నెలలు తప్పించినచో పోవచ్చును.

సముద్రమునకు ఆటుపోటులు గలవని మన పిల్లలు పుస్తకములో చదివినారు. మనకు పుస్తకము అక్కరలేదు, గోడకు వ్రేలాడు పంచాంగమే చాలును. పూర్ణిమకును అమావాస్యకును చుట్టుప్రక్కల రెండు మూడు దినములు పోటు హెచ్చు. అష్టమి ప్రాంతమున తక్కువ. దినమునకు రెండుమారులు నీరు పొంగి రెండుమారులు తీయును. నేడు వచ్చిన వేళకు రేపు రాదు, చంద్రోదయమువలెనే సుమారు రెండు ఘడియలు ఆలస్యముగా వచ్చును. సంక్రాంతి సూర్యుని పండుగ గావున ఏ యేడు ఏ తిథి పడునో చెప్పలేము. అందుచేత టిక్కెట్టు తీసికొనునపుడే తిథిని జూచుకొనుడు. పున్నమి రాత్రి తీరమున నడచుట కన్నుల పండువు. కాని పసిబిడ్డలను నీట దింపుటకు అష్టమి, నవములే మేలు.

నీట దిగుట విషయమున రెండే మాటలు. గోవా తీరములలో 2008 నుండి జీతముపై రక్షకులున్నారు. ఎరుపు పసుపు జెండాల నడుమనే దిగవలెను. ఎఱ్ఱ జెండా యొక్కటే యున్నచోట పాదము తడుపరాదు. రెండవది, అలలు తెల్లగా విరుగుచుండగా నడుమ నొకచోట మాత్రము నీరు నెమ్మదిగా, నునుపుగా గనబడును. క్రొత్తవారు అదియే మంచిచోటని దిగుదురు. తీరమునకు ఎక్కిన నీరంతయు వెనుకకు బోవు దారి అదే. అది మనిషిని లోపలికి లాగికొని పోవును. అందు జిక్కినవారు ఒడ్డువైపు ఈదబోయి అలసి మునుగుదురు. చేయెత్తి కేక వేయుచు, తీరమునకు సమముగా ప్రక్కకు సాగవలెను. ఈ మాట పిల్లలచేత రైలులోనే రెండుమారులు చెప్పించుడు.

పడవ సంగతి ఇంకను ముఖ్యము. 2017 నవంబరు 12 న కృష్ణలో ఇబ్రహీంపట్నము దగ్గరను, 2019 సెప్టెంబరు 15 న గోదావరిలో దేవీపట్నము పైనున్న కచ్చులూరు దగ్గరను విహారపు పడవలు మునిగినవి. మొదటిదానిలో ఇరువదిమందికి పైగాను, రెండవదానిలో ఏబదిమంది వరకును గతించిరి. సెలవు దినమని నవ్వుచు బయలుదేరినవారే వారందరును. అందుచేత ఒక్కటి మేము గట్టిగా చెప్పుచున్నాము. ఎక్కువారి సంఖ్యకు సరిపడ లైఫు జాకెట్లు లేని పడవను ఎక్కరాదు. జాకెట్టు పడవలో నున్నదని వినుట చాలదు, ఒంటిమీద నుండవలెను. బిడ్డకు తొడిగి, భుజముల దగ్గర పట్టి పైకి లాగుడు. అది చెవులదాక లేచినచో వదులు, చిన్నది ఇమ్మనుడు. పడవవాడు "దగ్గరే గదమ్మా" యనును. బావమరదులు నవ్వుదురు. మగవారు టిక్కెట్టు డబ్బు పోవునందురు. పోనిండు. ఇంట ఏ విషయమున మాట చెల్లకున్నను ఇచ్చట మాత్రము ఇల్లాలి మాట నెగ్గవలెను.

మేము చెప్పునది ధైర్యవంతుల మాట గాదు. మేము మొట్టమొదట సముద్రమునకు బోయినపుడు ఇంటివారందరును డాల్ఫినులను జూచుటకు పడవ యెక్కినారు. సంచులను, తొమ్మిది జతల చెప్పులను, తడిసిన తువాళ్ళను కావలి కాచుచు మేము ఇసుకమీద కూర్చుంటిమి. ఎవరును మమ్ము వలదనలేదు. మేమే "నాకెందుకులే" యంటిమి. గంట గడచిన పిదప వారు తిరిగివచ్చి, నీటిలోనుండి నల్లని వీపులు లేచిన తీరును చెప్పిరి, చేతులతో చూపిరి. ఇల్లు చేరిన పిదప నెల దినములు భోజనములయొద్ద అదే ముచ్చట. ఆ ముచ్చటలో మాకు చెప్పుకొనుటకు చెప్పుల లెక్క తప్ప ఏమియు లేకపోయెను. మరు సంవత్సరము మంత్రాలయములో తుంగభద్రమీద పుట్టి యెక్కినదాక ఆ బాధ తీరలేదు.

ఎమ్మిగనూరు సోదరికి అదే మా సలహా. గోవాకు బోవక మునుపు ఒక యాదివారము ఇంటిల్లిపాదియు మంత్రాలయము పోయి, నీరు నిలుకడగా నున్న దినమున, జాకెట్లు తొడిగికొని, పుట్టిలో ఒక చుట్టు తిరిగి రండు. ఎవరికి తల తిరుగునో, ఎవరు లేచి నిలుచుందురో, ఏ బిడ్డ నీటిలో చేయి పెట్టునో అచ్చటనే తెలియును. వెదురుతో బుట్టవలె అల్లి, వెనుక తోలును, నేడు ప్లాస్టికు గుడ్డను కప్పిన యీ గుండ్రని పడవ మనకు చిన్నతనమే యనిపించును. కాని 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పాయెసు దీనిని జూచి, పదునైదు ఇరువదిమందిని, గుర్రములను, ఎద్దులను సైతము ఏరు దాటించుచున్నదని ఆశ్చర్యముతో వ్రాసినాడు. ఆ గుర్రములు గోవా రేవున దిగి మన దారిననే వచ్చెడివి. పుట్టిలో నడుమ కూర్చుండవలెను, ఒక ప్రక్కకు అందరును ఒరగరాదు. సముద్రపు పడవకును అదే సూత్రము.

బట్టల విషయము 1938 లో మాచాని సోమప్పగారు నేతవారి సహకార సంఘము స్థాపించిన ఊరివారికి మేము చెప్పుట హనుమంతుని ముందు కుప్పిగంతులే. అయినను, తడిసిన చీర కాళ్ళకు చుట్టుకొని మనిషిని పడద్రోయును. పడవలోను నీటిలోను పంజాబీ దుస్తులు మేలు. ఆదోనిలోని మా ముస్లిము సోదరీమణులును నీట దిగునపుడు పొడవాటి పైవస్త్రము విషయమున ఇదే జాగ్రత్త పాటింపవలెను. ఉప్పునీట తడిసిన బట్టను మంచినీట జాడింపక ఎండవేయరాదు.

తిండికి రెండు దినములకు ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, బొరుగులు చాలును. పడవ యెక్కు దినమున కడుపునిండ తినరాదు, ఖాళీకడుపునను పోరాదు. వికారము పుట్టినచో సెల్‌ఫోను దించి, దూరమున నీరు ఆకాశము కలియు గీతను చూడుడు. ఫొటోలు తరువాత తీసికొనవచ్చును.

సంచులను రెండు జట్లుగా విడిపోయి వంతులవారీగా కావలి కాయుడు. మొదటి పడవలో ఇల్లాలు ఉండవలెను. రెండవ పడవ ఎండ యెక్కి రద్దు గావచ్చును.

ఉత్తరము చివర మా సోదరి తన అత్తగారి మాట అడిగినారు. ఆమెకు డెబ్బదియెనిమిదేండ్లు, మోకాళ్ళ నొప్పులు. ఇంట విడిచి పోవలెనా యని. విడువవద్దు. సముద్రపు పడవ ఆమెకు తగదు, ఎగుడుదిగుడుగా ఎక్కవలసి యుండును. కాని పాత గోవాలో మాండవి నది దాటి దీవారు దీవికి బోవు బల్లకట్టు గలదు. ఇనుముతో జేసిన చదునైన పెద్ద పడవ. బండ్లుకూడ దానిమీదనే యెక్కును. ఒడ్డున పలక దించుదురు, మెట్లు లేవు. కాలినడకన ఎక్కువారికి ఖర్చు లేనట్లే. ప్రయాణము కొద్ది నిమిషములే గాని నీరు విశాలము, గాలి చల్లన, అలలు లేవు. బసలో నొక మడత కుర్చీ అడిగి వెంట తీసికొనుడు. ఆవలి యొడ్డున ఆమె దిగనన్నచో దింపవద్దు. అందులోనే కూర్చుండి తిరిగి రావచ్చును, మరల పోవలెనన్నచో మరల పోవచ్చును.