మొరం నింపిన పెరడు

మిరుగం దగ్గర పడుతోంది. డిచ్‌పల్లిలో జాతీయ రహదారికి అటూ ఇటూ లేచిన కొత్త కాలనీల్లో ఇల్లు కట్టుకున్నవాళ్ల చూపు ఇప్పుడు పెరటి మీదికి మళ్లుతుంది. గోడ వారగా రెండు బీర పాదులు, ఒక కరివేపాకు మొక్క, గేటు పక్కన మల్లె తీగ. ఆశ అంతకు మించి ఉండదు. తీరా పార తీసుకుని ఒక్క దెబ్బ వేస్తే ఖంగుమంటుంది. రోడ్డు కన్నా ఇల్లు ఎత్తుగా ఉండాలని ట్రాక్టర్లకు ట్రాక్టర్లు మొరం పోయించింది మనమే. దాని మీద ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు చదును చేయించిందీ మనమే. అసలు చెల్క నేల ఆ కింద ఎక్కడో పడి ఉంది.

ఇక నిజామాబాద్ వెళ్లి నర్సరీలో మట్టి సంచులు కొనడమే. వాటితోపాటు ఇటుకలా నొక్కిన కొబ్బరి పీచు పొట్టు, కిలోల లెక్కన వర్మీ కంపోస్టు. పీచు పొట్టును తప్పుపట్టనక్కరలేదు, నీళ్లు బాగా పట్టి ఉంచుతుంది. కానీ కొబ్బరి తోటలు పెద్దగా లేని జిల్లాకు ఎక్కడి నుంచో పొట్టు తెప్పించుకుంటూ, వచ్చే దారిలో రైసుమిల్లు వెనక గుట్టలు పడ్డ ఊకను, బూడిదను ముక్కు మూసుకుని దాటేయడం కాస్త వింతగానే ఉంటుంది.

పూర్వం ఈ తిప్పలు లేవంటే మనవాళ్లంతా గొప్ప తోటమాలులని కాదు. పని ఇంట్లోనే జరిగేది. వడ్లు దంచితే ఊక వాకిట్లోనే రాలేది. పొయ్యిలో బూడిద, కొట్టంలో పేడ, పశువులు తొక్కి వదిలేసిన గడ్డి, చాటలో చెరిగిన పొట్టు అన్నీ ఇంటి వెనక పెంటకుప్ప మీదికే చేరేవి. ఎండాకాలం చివర బండ్లతో పొలానికి తోలగా అడుగున మిగిలిందే పెరటికి సరిపోయేది. ఆ కుప్ప పక్కన ఎవరూ నాటకుండానే గుమ్మడి తీగ పాకేది. తర్వాత దంపుడు మిల్లుకు పోయింది, పొయ్యి గ్యాసుకు మారింది, కొట్టం ఉన్నచోట కారు నిలబడింది. పనితోపాటు మట్టికి రావలసిన వాటా కూడా గడప దాటింది. బియ్యం సంచుల్లో తిరిగొస్తున్నాయి, ఊక మాత్రం మిల్లులోనే ఆగిపోతోంది.

ఆగిపోయేది తక్కువేమీ కాదు. క్వింటాలు వడ్లు ఆడిస్తే దాదాపు 20 కిలోల ఊక వస్తుంది. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో అందులో చాలా భాగం బాయిలర్లకే పోతుంది. కాలిన ఊకలో సుమారు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది. గాలి వీచిన రోజు ఆ నుసి ఆరేసిన బట్టల మీద వాలడం మిల్లుల పక్కన కాపురం ఉండేవాళ్లకు తెలిసిన బాధే. ఒకప్పుడు ఇంటింటా ఉన్న పొయ్యి ఇప్పుడు ఊరందరి తరఫున మిల్లులో మండుతోందనుకుంటే, ఆ బూడిద మీద మనకూ కొంత హక్కు, కొంత బాధ్యత ఉన్నట్టే.

అలాగని ఊక సంచి తెచ్చి నేరుగా కుండీలో కుమ్మరిస్తే మొక్క బాగుపడదు. ఊకలో సిలికా ఎక్కువ, ఓ పట్టాన కుళ్లదు. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. ఊకలో అది పెద్దగా లేదు కాబట్టి చుట్టూ ఉన్న మట్టిలోంచి లాక్కుంటాయి. వంగ మొక్క ఆకులు పసుపు రంగుకు తిరిగి ఎదుగుదల ఆగిపోతుంది. తెగులు పట్టిందనుకుని మనం మందు కొడతాం! పాలకు తోడు వేసినట్టు పేడనీళ్లు చిలకరించి, వంటింటి తొక్కలూ పచ్చి ఆకులూ పొరలుగా వేసి, తడి ఆరకుండా, అప్పుడప్పుడు తిరగేస్తూ ఉంచితే వరిగడ్డి మూడు నెలల్లో మెత్తబడుతుంది. ఊక మరీ మొండిది, ఇంకా ఎక్కువ కాలమే అడుగుతుంది. మిల్లు వాళ్లు ఊరికే ఇచ్చినా ఈ కాలం మాత్రం మన ఖాతాలోంచే పోవాలి.

సగం కాలి నల్లబడిన ఊక సంగతి వేరు. జపాన్‌లో దాన్ని కుంతాన్ అంటారు. మంట లేవకుండా నెమ్మదిగా రగిల్చి, నారుమళ్లలో వాడతారు. తేలిగ్గా ఉంటుంది, వేళ్లకు గాలి ఆడనిస్తుంది. పూర్తిగా కాలి తెల్లబడిన బూడిదకు మాత్రం క్షారగుణం ఎక్కువ, చిటికెడు చిటికెడుగా వాడాలి. అది కూడా అన్ని నేలలకూ కాదు. బోధన్ వైపు రేగడి భూములకు క్షారగుణం మామూలుగానే ఉంటుంది. అక్కడి పెరట్లో బూడిద పోస్తే ఉన్నదానికి తోడవుతుంది. అదే రేగడికి మాగిన ఊక కలిపితే బంకమట్టి గుల్లబారుతుంది. డిచ్‌పల్లి చెల్కల బాధ ఇంకొకటి, నీళ్లు పోసినంతసేపే తడి. వాటికి కావలసింది కుళ్లిన గడ్డి, పెంట, చెరువు మట్టి. నర్సరీ సంచి మీద ఈ తేడాలేవీ రాసి ఉండవు.

ఈ ప్రాంతంలో ఇంకో మిగులుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇంటింటా ఆడవాళ్లు బీడీలు చుట్టే జిల్లా ఇది. తునికాకును కొలతకు కత్తిరించగా మిగిలిన ముక్కలు చేటల కొద్దీ పోగవుతాయి. తోలులాంటి ఆకు, తొందరగా చివకదు, అందుకే మొక్కల మొదట్లో కప్పడానికి బాగా పనికొస్తుంది. తంబాకు పొడి మాత్రం అందులో కలవనివ్వకూడదు. పొగాకు మీద ఉండే మొజాయిక్ వైరస్ టమాటకూ మిరపకూ అంటుతుంది.

మిగులును మట్టికి మళ్లించడం గురించి శాస్త్రవేత్తలు మాట్లాడి కూడా చాలా కాలమైంది. మంజీర మీద నిజాంసాగర్ పూర్తయిన 1931లోనే ఆల్బర్ట్ హొవార్డ్, యశ్వంత్ వాడ్ ఇండోర్‌లో తాము చేసిన పనిని పుస్తకంగా తెచ్చారు. పొలంలో మిగిలిన చెత్త, పేడ, పశువుల మూత్రం ఇంకిన మట్టి, కట్టె బూడిద పొరలుగా పేర్చి తిరగేయడం ఆ పద్ధతి. మన పెంటకుప్పకు దగ్గరి చుట్టమే. ఈ దేశపు రైతుల దగ్గర తాను నేర్చుకున్న సంగతిని హొవార్డ్ దాచుకోలేదు.

నిజాంసాగర్ నీళ్లు వచ్చాకే ఇక్కడ చెరకు విస్తరించింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. టన్ను చెరకు ఆడితే ఇంచుమించు 300 కిలోల పిప్పి, రసం శుద్ధి చేయగా మిగిలే ఫిల్టరు మడ్డి 30 కిలోలకు పైగా వస్తాయి. పిప్పి ఫ్యాక్టరీ బాయిలర్లకే పోతుంది. మడ్డి మాత్రం మట్టి సొత్తు. చెరకు నేలలోంచి తీసుకున్న భాస్వరంలో మంచి భాగంతోపాటు సున్నం, సేంద్రియ పదార్థం అందులో ఉంటాయి. తాజాది వేడెక్కుతుంది, కంపు కొడుతుంది, దాన్లోని మైనం వల్ల నీళ్లు సరిగా ఇంకవు. రెండు మూడు నెలలు మాగాక మాత్రం నల్లగా, పొడిపొడిగా, చెల్క నేల ఎదురుచూసే రూపానికి వస్తుంది.

2015 మార్చిలో సదాశివనగర్ పాత చెరువు దగ్గర చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయ మొదలైంది. పూడిక మట్టి ట్రాక్టర్ల మీద పొలాలకు కదిలింది. అదే ఏడాది డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు రైతు నష్టం, కార్మికుల బకాయిల ముందు పెరటి మొక్కల గోడు ఎత్తడం భావ్యం కాదు. అయినా ఒక ఫ్యాక్టరీ ఆగితే చక్కెరతోపాటు ఎన్ని ఆగిపోతాయో చెప్పేటప్పుడు మడ్డి పేరు వినిపించలేదన్నది నిజం. ఇప్పుడు మడ్డి కావాలంటే అడ్లూరు ఎల్లారెడ్డి చక్కెర ఫ్యాక్టరీ వైపు చూడాలి. పిప్పి కావాలంటే ఎండాకాలంలో చెరుకు రసం బండి దగ్గర ఆగాలి. సాయంత్రానికి బండివాడి పక్కన పోగుపడ్డ పిప్పిని మోసుకుపోతామంటే వద్దనే బండివాడు ఉండడు. తీపి వాసనకు చీమలు పడతాయి. సన్నగా కొట్టి పేడతో కలిపి మాగబెడితే ఆ బెడద పోతుంది.

ఇవన్నీ ఒక్కో ఇల్లూ ఒంటరిగా చేయాలంటే కుదరదు. స్కూటరు మీద ఎన్ని ఊక సంచులు తేగలం? డెయిరీ షెడ్డు పేడ, మిల్లు ఊక, అంగడి రోజు మిగిలిన కూరగాయల చెత్త ఒకచోట కలిస్తే కంపోస్టుకు కావలసిన సరుకు సమకూరుతుంది. గ్రామ పంచాయతీలకు కంపోస్టు షెడ్లు ఉన్నాయి, వాటిలో చాలావాటికి ముడిసరుకే కరువు. మిల్లులకేమో బూడిద పడేసే చోటు కరువు. మధ్యలో ఉన్న దూరం ఒక ట్రాక్టరు కిరాయి. ఏ నేలకు ఏది ఎంత కలపాలో చెప్పడానికి చెరకు, వరి రెండింటినీ పేరులోనే పెట్టుకున్న ప్రాంతీయ పరిశోధన కేంద్రం రుద్రూరులో ఉండనే ఉంది. ఎకరాల లెక్కలో చెప్పే సలహాను గజాల లెక్కలోకి, కుండీల లెక్కలోకి దించి ఒక చిన్న కరపత్రం వేస్తే చాలు.

బోధన్ ఫ్యాక్టరీని తెరిపించే మార్గాలు చూడమని 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. మళ్లీ గానుగ ఆడే రోజు వస్తే రాసుకునే ఒప్పందాల్లో మడ్డి మీద కూడా ఒక వాక్యం ఉండాలి: చెరకు పోసిన రైతుకు టన్నుల లెక్కన తన వాటా మడ్డి తిరిగి ఇవ్వాలి, ఆ తర్వాత మిగిలింది పంచాయతీ షెడ్లకు చేరాలి. అక్కడి నుంచి మన పెరట్లోకి మోసుకోవడం మన పని.