నల్లరాతి నడుమ సముద్రపు లిపి

ఆత్రేయపురం అనగానే ఎవరికైనా పూతరేకులు స్ఫురిస్తాయి. పలుచని పొరలను చిరగకుండా మడత పెట్టడం ఆ ఊరి విద్య. భూమికీ అటువంటి విద్య ఉన్నది. గోదావరికి పడమట, కొవ్వూరు దాటిన పిమ్మట గౌరీపట్నం రాతిక్వారీలలో దానిని చూడవచ్చును. లావా గడ్డకట్టిన రెండు నల్లరాతి పొరల నడుమ, ఒకనాటి సముద్రపు ఒండ్రు పొర ఇమిడి ఉన్నది.

2008లో గెర్టా కెల్లర్, సునీల్ బాజ్‌పాయ్ ప్రభృతులు ఆ నడిమి పొరలోని ఫొరామినిఫెరా అనే ఏకకణజీవుల గుల్లలను పరిశీలించారు. 6.6 కోట్ల ఏళ్లనాటి మహావినాశం ముగిసిన వెంటనే అవతరించిన జాతులవి. రాక్షసబల్లులతో పాటు, పైనీటిలో తేలియాడే ఫొరామినిఫెరా జాతులు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయిన కాలమది. కారణం ఉల్కాపాతమా, దక్కను లావాయా అన్న వాదంలో ఈ క్వారీలు కూడా సాక్షులే.

ఇక్కడొక విచిత్రం గమనించాలి. అంతటి ఉత్పాతమూ లోతుసముద్రపు అడుగున బ్రతికే జాతులను పెద్దగా తాకలేదు. వాటిని దెబ్బతీసినది వేరు. సుమారు కోటి ఏళ్ల తరువాత, అంటే 5.6 కోట్ల ఏళ్ల క్రితం, గాలిలో కర్బనం పేరుకొని భూగోళం ఐదారు డిగ్రీలు వేడెక్కినది. ఆ వేడి అడుగుదాకా దిగినది. నీటిలో ఆమ్లగుణం హెచ్చినది, ప్రాణవాయువు సన్నగిల్లినది. అడుగున ఉన్న జాతులలో మూడోవంతు నుండి సగం దాకా అంతరించినవి. పిడుగుకు చావనివి జ్వరానికి చచ్చినవన్నమాట!

నేడు మనం గాలిలోకి వదలుతున్న కర్బనం వేగం ఆనాటికన్నా అనేక రెట్లు ఎక్కువ. సముద్రం ఎంతటి వేడినైనా కడుపులో దాచుకొనగలదని నిశ్చింతగా ఉండేవారికి ఈ చిన్న గుల్లలే సమాధానం.

ఇది డెల్టావాసులకు దూరపు సంగతి కాదు. 2006లో మన తీరానికి ఎదుట, వెయ్యి మీటర్లకు పైగా లోతున, ఓడ నుండి తవ్వితీసిన బురదను పరిశీలించి 2012లో కొందరు శాస్త్రజ్ఞులు ఒక సంగతి ప్రకటించారు. గోదావరి పరీవాహకం సుమారు 4000 ఏళ్ల క్రితమూ, మరల 1700 ఏళ్ల క్రితమూ వర్షాలు తగ్గి మెట్టబారినదట. మన వరిచేల భవితవ్యాన్ని ఊహించడానికి ఇంతకన్నా నమ్మదగిన దస్తావేజు ఏమున్నది?

అటువంటి దస్తావేజులలో ఒకటి గౌరీపట్నంలో కంకరగా మారుతున్నది. క్వారీలు మూయమని నేననను. రోడ్లకు కంకర కావాలి, కూలికి పని కావాలి. పొరలు స్పష్టంగా కనిపించే ఒక్క గోడను కొట్టకుండా విడిచి, దానికి కంచె వేసి, తెలుగులో ఒక పలక నిలబెడితే చాలును. శాసనాలున్న రాళ్లను కాపాడుకుంటున్నాము కదా! అక్షరాలు మనుషులు చెక్కినవి కానంత మాత్రాన ఇది శాసనం కాకపోతుందా?