ఇంజిన్ రొదతో పాటు ఫ్లాప్ రొదనూ తగ్గించాలి

పొట్టి రన్‌వే మీద బరువైన విమానం దిగాలంటే వేగం బాగా తగ్గినా గాలిలో నిలవగలగాలి. అందుకోసం కొన్ని విమానాల్లో ఇంజిన్ వదిలే గాలిని రెక్క వెనుక దించిన ఫ్లాప్‌లకు తగిలేలా మళ్లిస్తారు. గాలి కిందికి వంగుతుంది, రెక్కను పైకెత్తే బలం పెరుగుతుంది. 1975లో అమెరికాలో ఎగిరిన వైసీ-15 ఈ పద్ధతిదే. అదే పద్ధతిలో తయారైన సీ-17 విమానాలు 2013 నుంచి మన వాయుసేనలోనూ ఉన్నాయి. లాభం కాదనలేనిది. అయితే ఫ్లాప్‌ను ఒరుసుకుపోయే గాలి ఇంజిన్ రొదకు తోడు మరో రొదను పుట్టిస్తుంది. విమానం నమూనా గీసేనాడే దానికి హద్దు పెట్టాలన్నది మా వాదన.

ఇంజిన్ చప్పుడు తగ్గిస్తే సరిపోదా అంటారు. సరిపోదు. అడ్డు లేకుండా వెళ్లే జెట్ గాలి శబ్దశక్తి దాని వేగపు ఎనిమిదో ఘాతాన్ని బట్టి మారుతుందని 1952లో శాస్త్రవేత్త జేమ్స్ లైట్‌హిల్ చూపారు. రెక్కకో ఫ్లాప్‌కో తగిలిన గాలి శబ్దం మాత్రం ఐదో, ఆరో ఘాతాన్ని బట్టి మారుతుంది. కాబట్టి వేగం తగ్గించేకొద్దీ జెట్ రొద త్వరగా అణుగుతుంది, ఫ్లాప్ రొద మొండికేస్తుంది. విడిగా పరీక్షించినప్పుడు మెప్పు పొందిన ఇంజినే రెక్క కింద బిగించాక ఊరిని హోరెత్తించవచ్చు. ఆరో ఘాతమే తీసుకున్నా, ఫ్లాప్‌కు తగిలే గాలి వేగం 20 శాతం తగ్గితే ఆ రొద దాదాపు 6 డెసిబెళ్లు తగ్గుతుంది.

గాలి వేగం తగ్గితే బలం తగ్గదా అన్నది న్యాయమైన ప్రశ్నే. పెద్ద ఫ్యాన్‌తో ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తే తోపుడు బలం తగ్గదు; బరువు కొంత పెరుగుతుంది, ఆ ఖర్చు ఒప్పుకోవాల్సిందే. మరో దారి, ఇంజిన్లను రెక్క పైన అమర్చడం. అప్పుడు రెక్కే నేలకూ రొదకూ మధ్య అడ్డుగా నిలుస్తుంది. నాసా 1978లో ఎగరేసిన క్యూఎస్ఆర్ఏ అనే ప్రయోగ విమానం ఇలాంటిదే. 1980లో అది కిటీ హాక్ విమానవాహక నౌక మీద ఆపుడు తీగల సాయం లేకుండానే దిగింది. రొద తగ్గించాలంటే పొట్టి రన్‌వేను వదులుకోవాలన్న వాదన అక్కడే వీగిపోయింది.

పౌర విమానాలకు అంతర్జాతీయ శబ్ద పరిమితులున్నాయి. సైనిక విమానాలు మాత్రం ఆ పరిమితులకు మూలమైన 1944 షికాగో ఒప్పందం పరిధిలోకే రావు. వాటికి హద్దు పెట్టగలిగేది కొనుగోలు ఒప్పందమే. అందుకే ఇంజిన్, రెక్క, ఫ్లాప్ కలిపి శబ్దపరీక్ష జరిపి, ఫలితాలు ప్రకటించాకే ప్రజాధనం చెల్లించాలని ప్రభుత్వాలను కోరుతున్నాం. ఈ కోరికను మీ ప్రజాప్రతినిధుల ముందుంచండి.