చెల్లోను పట్టుకోండి

పాకెల్‌బెల్ ‘కెనన్’లో చెల్లో వాయించేవాడి పని మొత్తం ఎనిమిది స్వరాలే, వాటినే మొదటి నుంచి చివరిదాకా 28 సార్లు తిప్పాలి. ఈ ముక్క అరిగిపోయిందని రసికులు మొహం చిట్లిస్తారు గానీ, బరోక్ సంగీతం కొత్తగా వినేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. రాగానికి అలవాటుపడ్డ మన చెవి నేరుగా పై వయొలిన్ వెంట పడుతుంది. అక్కడ మూడు వయొలిన్లు ఒకే వరుసను ఒకదాని వెనక ఒకటి ఎత్తుకుంటాయి. దేన్ని పట్టుకోవాలో తెలీక, ‘ఇది మనకెక్కదులే’ అని కట్టేస్తాం. ఈసారి వయొలిన్లను వాటి మానాన వదిలేసి, చెల్లోను పట్టుకోండి. అది ఒక్కో చుట్టు ముగించగానే ఒక్కో వయొలిన్ వచ్చి చేరడం తెలిసిపోతుంది. పై సందడికి లెక్క అడుగునే ఉంది మరి! చెవి కుదిరాక పర్సెల్ ఒపెరా ‘డైడో’ వినండి. చావుకు సిద్ధపడ్డ రాణి పాట కింద బాస్ మెట్లు దిగుతూ అదే పనిగా తిరిగొస్తుంటుంది. ఆమె గొంతు మాత్రం ఆ చుట్టు ముగిసిన చోట ఆగదు, దాటిపోతుంది. ఆ తర్వాత బాఖ్. ఆయన 1741లో అచ్చువేయించిన గోల్డ్‌బర్గ్ 30 వేరియేషన్లకూ ఆధారం మొదటి పాట పైవరుస కాదు, దాని బాస్. పైవరుసను వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు అది మళ్లీ కనిపించేది ఆఖర్నే.