జవాబు దొరికిన తరువాత

2025 సెప్టెంబరులో అజర్‌బైజాన్ రాజధానియైన బాకూ నగరమున విశ్వవిద్యాలయ విద్యార్థుల ప్రపంచ ప్రోగ్రామింగ్ పోటీ తుదిఘట్టము జరిగినది. ఐదు గంటలలో 12 సమస్యలను సాధింపవలెను. ప్రథమస్థానము నందిన సెయింట్ పీటర్స్‌బర్గ్ జట్టు 11 సమస్యలను సాధించినది. ఆ సమస్యలనే తమ కృత్రిమమేధా యంత్రములకు ఇచ్చి చూడగా, ఓపెన్‌ఏఐ యంత్రము 12, గూగుల్ యంత్రము 10 సాధించినట్లు ఆ సంస్థలు ప్రకటించినవి.

ఇక విద్యార్థి శ్రమపడుట దేనికి? ఈ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. ఇదివరలో చిక్కు సమస్య ఎదురైన విద్యార్థి గురువునో, సహాధ్యాయినో ఆశ్రయించెడివాడు. వారు జవాబునకు ముందు తామొక ప్రశ్న వేసెడివారు. యంత్రము అడిగినంతనే ప్రోగ్రామునంతయు వ్రాసి చేతికిచ్చును.

గ్రాఫ్ సిద్ధాంతమునకు పునాది పడినది ఒక ప్రశ్నను సరిగా మార్చి వేసికొనుటచేతనే. కోనిగ్స్‌బర్గ్ నగరమందలి ఏడు వంతెనలను ఒక్కొక్కసారియే దాటి రావచ్చునా యను విషయమును 1736లో ఆయిలర్ పరిశీలించెను. వీధులను, దూరములను విడిచి, నాలుగు భూభాగములకు ఎన్నెన్ని వంతెనలు చేరుచున్నవో లెక్కించెను. నాలుగింటికిని బేసి సంఖ్యయే వచ్చెను. కావున అది అసాధ్యమని తేలెను. ఏది విడువవలెనో, ఏది నిలుపుకొనవలెనో ఎరుగుటయే ఈ విద్యకు ప్రాణము.

అతి దగ్గర దారిని వెదకుటకు డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1959లో ప్రకటించిన పద్ధతిని చూడుడు. బయలుదేరినచోటికి అతి చేరువనున్న స్థానమును ఒక్కొక్కదానినే ఖాయపరచుచు పోవుట దాని మర్మము. ఖర్చులలో ఋణసంఖ్య యున్నచో అది తప్పవచ్చును. ‘క’ నుండి ‘గ’కు ఖర్చు 2, ‘క’ నుండి ‘చ’కు 3, ‘చ’ నుండి ‘గ’కు −2 అనుకొందము. ఆ పద్ధతి ‘గ’ను 2 వద్దనే ఖాయపరచును, ‘చ’ మీదుగా పోయినచో ఖర్చు 1 మాత్రమే. ఇచ్చట బెల్‌మన్–ఫోర్డ్ పద్ధతి పనికివచ్చును. అడిగినచో యంత్రము ఈ భేదమును చక్కగా వివరింపగలదు. కాని అడుగవలెనని తోచుటకు, మొదటి పద్ధతి ఎందుచేత పనిచేయుచున్నదో విద్యార్థికి తెలిసియుండవలెను.

కావున సాయము కోరుటకును ఒక క్రమము కలదు. బిందువు లేవి, వానిని కలుపు గీత లేవి, ఖర్చు లెంత యని ముందుగా కాగితముపై తానే గీచికొనవలెను. ప్రోగ్రాము తప్పినచో, అది తప్పెడి అతి చిన్న ఉదాహరణమును వెదకి తీసికొనిపోవలెను. గురువునైనను, యంత్రమునైనను తొలుత ఒక్క సూచన మాత్రమే కోరవలెను. ఉపాధ్యాయుడును ప్రోగ్రాము నడచినదని మార్కులు వేసి ఊరకుండక, ఒక ఖర్చును మార్చి, “ఇప్పుడేమగును?” అని ప్రశ్నింపవలెను.

ఎరువు సొమ్ము బరువుచేటు అను సామెత నగలకే గాక చదువునకును వర్తించును. ఉపాధ్యాయుని ప్రశ్నకు సమాధానము చెప్పగల విద్యార్థి ఎవరి సాయము పొందినను ఆ విద్య తనదే. చెప్పలేనివానికి, చక్కగా నడచుచున్న ప్రోగ్రామును ఎరువు సొమ్మే.