పలుకుబడి తెలియని పదజ్ఞానం

భాష నేర్చుకోవడమంటే పదాలకు అర్థాలు కంఠస్థం చేయడమేనని మనలో చాలామందికి ఒక నమ్మకం ఉన్నది. విద్యార్థిదశలో నేనూ అట్లే నమ్మినవాడిని. ఆ నమ్మకానికి చెల్లించిన మూల్యాన్ని ముందుగా మనవి చేసి, పిదప నా అభిప్రాయం విన్నవించుకొంటాను.

పట్టా పుచ్చుకొన్న సంవత్సరమే ఒక కొలువుకు దరఖాస్తు పెట్టుకొన్నాను. కొన్నాళ్లకు నూజెండ్లకు ఒక ఉత్తరం వచ్చినది. బరువైన ఇంగ్లీషు, సగం అర్థమైనది, సగం కాలేదు. చివరి వాక్యం మాత్రం గుండెల్లో గుచ్చుకొన్నది: 'ద బాల్ ఈజ్ నౌ ఇన్ యువర్ కోర్ట్'. కోర్టు అనగా న్యాయస్థానమని నిఘంటువు చెప్పినది. ఏదో వ్యవహారం కోర్టుకెక్కినదని దిగులు పట్టుకొన్నది. ఆ రాత్రి నాన్నగారు అన్నం ముట్టలేదు. బిడియంచేత ఎవరినీ అడుగలేక రోజులు గడిపి, తుదకు వినుకొండలో ఒక ప్లీడరుగారికి ఉత్తరం చూపించాము. ఆయన నవ్వి, "ఇందులో దావా లేదు, తగాదా లేదు నాయనా! ఇది టెన్నిసు ఆట మాట. బంతి నీ వైపు వచ్చినది, ఇక కొట్టవలసినది నీవే అని అర్థం. నీ సమ్మతి తెలుపమన్నారు" అన్నారు. ఉత్తరంలోని గడువు అప్పటికే దాటిపోయినది. కొలువు మరొకరికి దక్కినది. తప్పు వ్రాసినవారిది కాదు, నాది.

జాతీయం అనేది విడి పదాల మొత్తం కాదు. మనం 'నీళ్లు నమిలాడు' అంటాము. ఉర్దూలో 'పానీ పానీ హోనా' అంటారు. మొదటిది చెప్పలేక తటపటాయించడం, రెండవది సిగ్గుతో క్రుంగిపోవడం. రెండింటా నీళ్లున్నవి గాని దాహం తీర్చేవి ఎక్కడా లేవు! ఈ రహస్యం మన ఇంటి భాషలలో మనకు పుట్టుకతోనే తెలుసు. ఇంగ్లీషు దగ్గరకు వచ్చేసరికి మాత్రం దానిని మరచిపోతున్నాము.

మన కళాశాల విద్యార్థులకు ఇతరులకు లేని సంపద ఒకటి ఉన్నది. ఇచ్చట రెండు భాషలు ఒకే బల్లపై కూర్చుంటాయి. బహుకాలానికి కనిపించిన మిత్రుణ్ణి తెలుగువాడు 'నల్లపూసవైపోయావే' అంటాడు. ఉర్దూ సోదరుడు 'ఈద్ కా చాంద్' అంటాడు. ఇంగ్లీషువాడు అరుదుగా జరిగే పనిని 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటాడు. మనవి మనిషి అరుదైనప్పటి మాటలు, అతనిది సంఘటన అరుదైనప్పటి మాట. ఆ భేదాన్ని గుర్తించడమే నిజమైన భాషాజ్ఞానం. 'నౌ దో గ్యారహ్ హోనా' తెలిసినవానికి, 'కాళ్లకు బుద్ధి చెప్పడం' తెలిసినవానికి, 'టేక్ టు వన్స్ హీల్స్' అనే మాటను బట్టీ పట్టవలసిన అగత్యమేమి?

జాతీయం వెనుక ఒక జాతి జీవితం ఉంటుంది. 'మేక్ హే వైల్ ద సన్ షైన్స్' అన్నది తరచు ముసురుపట్టే దేశపు రైతు మాట. ఎండ కాసిన నాలుగు రోజులలోనే గడ్డి కోసి ఆరబెట్టుకోవాలి. వాన కోసం ఆకాశం చూచే మన మెట్టరైతుకు ఎండలో విశేషమేమీ తోచదు. అందుకే మనం 'దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకో' అన్నాము. 'షో ద వైట్ ఫెదర్' అనగా పిరికితనం చూపడం. పందెపుకోడి తోకలో తెల్ల ఈక ఉంటే అది మంచి జాతిది కాదని వారి నమ్మకం. నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోడిపోరు కథ విని పెరిగిన పల్నాటి బిడ్డకు ఇది ఒక్కసారి చెబితే చాలదా?

అయితే ఒక హెచ్చరిక. గైడు పుస్తకంలోని జాతీయాలను వ్యాసంనిండా దిగగ్రుచ్చడం పాండిత్యం కాదు. 'కిక్ ద బకెట్' అంటే మరణించడమే. కాని సంతాపలేఖలో వ్రాస్తే అది అపచారం. దాని నుండి వచ్చిన 'బాల్చీ తన్నేశాడు' అనే మాటను మనం పెద్దల విషయంలో వాడుతామా? 'పరమపదించారు' అంటాము, 'ఇంతెకాల్ ఫర్మాయా' అంటాము. అర్థంతోపాటు మర్యాద కూడా తెలియాలి. వాడడానికి తొందరపడవద్దు, విన్నప్పుడు, చదివినప్పుడు గ్రహించగలిగితే ముందుగా అది చాలు.

1852లో బ్రౌను దొర తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించాడు. 1868లో కెప్టెన్ కార్ తెలుగు సామెతలను ఇంగ్లీషు అనువాదాలతో 'ఆంధ్రలోకోక్తిచంద్రిక'గా వెలువరించాడు. హిందుస్థానీ సామెతలకు ఫాలన్ అట్లే శ్రమించాడు. ఆ గ్రంథం ఆయన మరణానంతరం 1886లో వెలువడినది. పరదేశీయులు మన పలుకుబడి కోసం అంత పాటుపడగా, వారి పలుకుబడిని మనం పరీక్షకు ముందురోజు రాత్రి నేర్చుకోజూడడం న్యాయమేనా?

కళాశాల కమిటీవారికి నా విన్నపం ఇది. గ్రంథాలయంలో మూడు గడుల పుస్తకం ఒకటి ఉంచండి: తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు. వారానికొక జాతీయాన్ని, అది పుట్టిన సందర్భంతో సహా, విద్యార్థులే అందులో వ్రాయాలి, అధ్యాపకులు దిద్దాలి. ఖర్చు ఒక నోటుపుస్తకం మాత్రమే.

విద్యార్థులారా! తెలియనిదానిని అడగడానికి సిగ్గుపడవద్దు. నాకు ఆనాడు తెలియనిది ఒక్క మాట. నన్ను ఓడించినది మాత్రం అడగలేని బిడియం.